న్యాయవాది మంచాన పడ్డప్పుడు బార్ కౌన్సిల్ నోటీసు వస్తే ఏం చేయాలి?

మా సీనియర్ గారికి పక్షవాతం వచ్చిన నాలుగో నెలలో ఆ కవరు వచ్చింది. ఆఫీసుకు తాళం వేసి ఉండటంతో పోస్ట్‌మ్యాన్ రెండుసార్లు వెనుదిరిగాడు. మూడోసారి ఇంటి చిరునామా కనుక్కుని వచ్చి అమ్మగారి చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆమె కవరు తెరవలేదు. బాగయ్యాక ఆయనే చూసుకుంటారని దేవుడి గది బీరువా మీద పెట్టారు. అది రాష్ట్ర బార్ కౌన్సిల్ (న్యాయవాదుల పేర్లు నమోదు చేసి, వారి ప్రవర్తనను చూసే సంస్థ) క్రమశిక్షణ కమిటీ పంపిన నోటీసు. నా కంటపడేసరికి మొదటి వాయిదా దాటి పదకొండు రోజులైంది.

ఆ తర్వాత ఆ ఇంటివాళ్లతో కలిసి నేను నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. జబ్బుపడిన న్యాయవాది కుటుంబానికి, ఆయన జూనియర్లకు, ఆయన మీద ఫిర్యాదు చేసిన కక్షిదారుకు కూడా ఇది పనికొస్తుంది.

ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. విచారణ మధ్యలో న్యాయవాది చనిపోతే ఏం చేయాలో దేశస్థాయి సంస్థ అయిన బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో స్పష్టంగా ఉంది. ఫిర్యాదు ఆయన ఒక్కరి మీదే అయితే మరణాన్ని నమోదు చేసి విచారణ ఆపేస్తారు. ఆయన బతికే ఉండి నోట మాట రాని స్థితిలో ఉంటే ఏం చేయాలో మాత్రం 1961 న్యాయవాదుల చట్టం చెప్పదు, నియమాలూ చెప్పవు. కాబట్టి చట్టంలో ఇప్పటికే ఉన్న దారులను వెతికి, కమిటీ ముందు మనమే పెట్టాలి. మౌనంగా కూర్చుంటే కమిటీ జబ్బును ఊహించుకోదు. నోటీసు అందినా రాలేదనే రాసుకుంటుంది.

మొదటి అడుగు: కవరు తెరిచి, వ్యవహారం ఏ దశలో ఉందో చూడండి

బార్ కౌన్సిల్ నుంచి వచ్చే ఉత్తరాలన్నీ ఒకటి కావు. ఫిర్యాదు అందగానే, దాన్ని కమిటీకి పంపాలా వద్దా అని తేల్చుకోవడానికి కౌన్సిల్ న్యాయవాది వివరణ అడగవచ్చు. ఇది తొలి దశ. ఇక్కడే జబ్బు సంగతి, ఫైళ్ల సంగతి సరిగ్గా చెప్పుకుంటే వ్యవహారం కమిటీ దాకా వెళ్లకపోవచ్చు.

న్యాయవాది దుష్ప్రవర్తనకు పాల్పడ్డారని నమ్మడానికి కారణం కనిపిస్తే న్యాయవాదుల చట్టం సెక్షన్ 35 కింద ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపుతారు. అప్పుడు వచ్చే నోటీసులో విచారణ తేదీ ఉంటుంది. హాజరు కాకపోతే మీరు లేకుండానే విచారించి నిర్ణయిస్తామన్న హెచ్చరిక కూడా ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది అయిన అడ్వకేట్ జనరల్‌కు కూడా నోటీసు వెళ్తుంది.

ఒక కాగితం మీద ఈ తేదీలు రాసి గోడకు అంటించండి: ఫిర్యాదు కౌన్సిల్‌కు అందిన రోజు, నోటీసు ఇంటికి చేరిన రోజు, వాయిదా రోజు, న్యాయవాది ఆసుపత్రిలో చేరిన రోజు. కవరును పారేయకండి. దాని మీది తపాలా ముద్ర తర్వాత సాక్ష్యమవుతుంది.

రెండో అడుగు: ఆయన ఏం చేయలేరో తేల్చుకోండి

"ఒంట్లో బాగాలేదు" అనే మాటలో మూడు వేర్వేరు స్థితులు కలిసిపోతాయి. వాటిని విడదీయకుండా కమిటీ ముందుకు వెళ్తే మన మాట నిలవదు.

డయాలసిస్ మీద ఉన్నవారు, కీమోథెరపీ నడుస్తున్నవారు, తుంటి ఎముక విరిగినవారు హైదరాబాదు దాకానో అమరావతి దాకానో ప్రయాణం చేయలేరు. కానీ బుద్ధి చురుగ్గా ఉంటుంది, తమ తరఫు న్యాయవాదికి విషయం చెప్పగలరు. వీరికి విచారణ ఆగాల్సిన అవసరం లేదు, విచారణ జరిగే తీరు మారితే చాలు.

కొందరికి ఓపిక పరిమితం. తీవ్రమైన మానసిక కుంగుబాటులో ఉన్నవారు, పక్షవాతం తర్వాత మాట పడిపోయినవారు ఈ కోవలోకి వస్తారు. అర్థం చేసుకోగలరు గానీ, ఎదురు ప్రశ్నలకు వెంటవెంటనే జవాబు చెప్పలేరు. మా సీనియర్ గారిది ఇదే పరిస్థితి. కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒకేసారి పోయాయి. ఎడమ చేతి చూపుడు వేలితో ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. ఫిర్యాదులో ఉన్న కేసు నంబరు చదివి వినిపించగానే ఆయన కళ్లు గోడ పక్కనున్న ఇనుప బీరువా వైపు తిరిగాయి. ఆ ఫైలు అందులోనే ఉంది. మాట పోయినంత మాత్రాన మనిషి పోలేదని నాకు అప్పుడు అర్థమైంది.

ఇక మూడోది కష్టమైన స్థితి. మతిమరుపు వ్యాధి ముదిరినవారు, కోమాలో ఉన్నవారు తమ మీద వచ్చిన ఆరోపణ ఏమిటో గ్రహించలేరు, ఎవరికీ సూచనలు ఇవ్వలేరు. వీరి సంగతి ఏడో అడుగులో చెబుతాను.

మూడో అడుగు: ఆ వాయిదాకు ఎవరో ఒకరు వెళ్లండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. నియమాల ప్రకారం హాజరు కావడమంటే స్వయంగా నిలబడటం ఒక్కటే కాదు. కమిటీ వేరుగా ఆదేశిస్తే తప్ప న్యాయవాది ద్వారా గానీ, అధికారం పొందిన ప్రతినిధి ద్వారా గానీ హాజరైనా అది హాజరే. చాలామంది న్యాయవాదులకే ఇది తెలియదు. ఎందరి తరఫునో జీవితమంతా వకాల్తా వేసినవారు, తమ వంతు వచ్చేసరికి ఇంకొకరికి వకాల్తా ఇవ్వడానికి మొహమాటపడతారు. పరువు పోతుందనుకుంటారు. దయచేసి ఆ మొహమాటం వదిలేయండి.

వకాల్తా పుచ్చుకునేవారు అదే ఆఫీసు జూనియర్ కాకపోవడం మంచిది. ఫిర్యాదుకు మూలమైన కేసులో జూనియర్ కూడా పని చేసి ఉంటే రేపు సాక్షిగా నిలబడాల్సి రావచ్చు. బార్ అసోసియేషన్‌లో నలుగురూ గౌరవించే ఒక పెద్దను అడగండి. సంతకం చేయలేని స్థితి అయితే వేలిముద్ర వేయించండి. పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలు, వకాల్తాలోని విషయం ఆయనకు చదివి వినిపించామన్న వాక్యం ఉండాలి.

నాలుగో అడుగు: డాక్టరు కాగితం

మేము మొదటిసారి పట్టుకెళ్లిన కాగితంలో ఉన్నది ఇంతే: "రోగి పక్షవాతంతో బాధపడుతున్నారు. మూడు నెలలు పూర్తి విశ్రాంతి అవసరం." కింద ముద్ర, సంతకం. కమిటీ అధ్యక్షులు దాన్ని చదివి ఒక్క ప్రశ్న వేశారు: "ఈ కాగితం ప్రకారం ఆయన తన న్యాయవాదితో మాట్లాడగలరా, లేరా?" మా దగ్గర జవాబు లేదు.

అది సరైన ప్రశ్నే. జబ్బు పేరు కమిటీకి పెద్దగా ఉపయోగపడదు. ఆ జబ్బు వల్ల విచారణలో ఏ పని చేయలేరన్నదే వారికి కావాలి. ఇంగ్లండ్ హైకోర్టు 2012లో ఒక దివాలా వ్యవహారంలో ఇదే చెప్పింది. కాగితం రాసిన వైద్యుడు ఎవరు, రోగిని ఇటీవల ఎప్పుడు చూశారు, జబ్బులోని ఏ లక్షణం విచారణకు అడ్డం వస్తోంది, ఎప్పటికి తగ్గవచ్చు, ఇది స్వయంగా పరీక్షించి చెప్పిన స్వతంత్ర అభిప్రాయమేనా అన్నవి అందులో కనిపించాలని ఆ తీర్పు అడిగింది. ఆ తీర్పుకు మన కమిటీలు కట్టుబడనక్కరలేదు. అయినా డాక్టరు గారిని ఏం అడగాలో తెలుసుకోవడానికి అంతకంటే మంచి కొలమానం నేను చూడలేదు.

రెండోసారి మేము న్యూరాలజిస్టు గారికి ఒక పేజీ ఉత్తరం రాసిచ్చాం. విచారణ అంటే ఏమిటో, అందులో ఏమేం చేయాల్సి ఉంటుందో వివరించాం. అప్పుడు వచ్చిన నివేదిక ఇలా ఉంది: "నేను వీరికి ఐదు నెలలుగా చికిత్స చేస్తున్నాను. చివరిసారి ఈ నెల 9న పరీక్షించాను. ఎదుటివారి మాటలను అర్థం చేసుకునే శక్తి చాలావరకు నిలిచి ఉంది. మాట్లాడే శక్తి, రాసే శక్తి బాగా దెబ్బతిన్నాయి. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలకు నమ్మదగిన రీతిలో స్పందిస్తున్నారు. ఇరవై నిమిషాలు దాటితే అలసిపోయి పొరబడుతున్నారు. ప్రయాణం చేయలేరు. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షించి చెప్పగలను." స్పీచ్ థెరపిస్టు నివేదికను కూడా దానికి జత చేశాం.

ఆ రోజు కమిటీ ఇక ప్రశ్నలు వేయలేదు. ఏ పద్ధతిలో విచారించాలన్న చర్చ మొదలైంది.

మానసిక అనారోగ్యం అయితే మరింత జాగ్రత్త అవసరం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఒకరికి మానసిక వ్యాధి ఉందని తేలినంత మాత్రాన మతిస్థిమితం లేనివారని అనుకోకూడదు. అది తేల్చాల్సింది తగిన న్యాయస్థానం. తన ఆరోగ్య వివరాలను గోప్యంగా ఉంచే హక్కునూ అదే చట్టం ఇచ్చింది. కాబట్టి నివేదికను మూసిన కవరులో ఇచ్చి, దాని ప్రతులు ఎవరికి చేరాలో కమిటీ నిర్ణయించాలని వేరే దరఖాస్తు పెట్టండి. ఫిర్యాదుదారుకు అందులోని సారాంశమైనా తెలియాలి, లేకుంటే వారికి అన్యాయం జరుగుతుంది. చికిత్స చరిత్ర అంతా బయటపెట్టనవసరం లేదు.

ఐదో అడుగు: వాయిదా అడగడంతో సరిపెట్టకండి

ఒకటికి పది వాయిదాలు అడగడం మనకు వృత్తిలో అలవాటైన పని. ఇక్కడ అది ఎదురు తిరుగుతుంది. న్యాయవాదుల చట్టం సెక్షన్ 36బి ప్రకారం ఫిర్యాదు అందిన ఏడాదిలోగా రాష్ట్ర కమిటీ విచారణ ముగించాలి. లేకపోతే వ్యవహారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. ఈ ఏడాది గడువును పాటించి తీరాలని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. మంచం మీదున్న మనిషి విచారణ ఢిల్లీకి వెళ్తే ఆ ప్రయాణం, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు?

అందువల్ల వాయిదా అడిగితే గడువు చెప్పి అడగండి, డాక్టరు మళ్లీ చూస్తానన్న తేదీకి ముడిపెట్టండి. దానితోపాటు విచారణ ఎలా ముందుకు సాగవచ్చో మీరే ప్రతిపాదించండి. కమిటీ మామూలుగా పత్రాలు, అఫిడవిట్ల మీదే నిర్ణయిస్తుంది. న్యాయం కోసం అవసరమని భావిస్తేనే నోటి సాక్ష్యం, క్రాస్ ఎగ్జామినేషన్ ఉంటాయి. పత్రాల మీదే తేల్చమని మనం అడగవచ్చు. సాక్ష్యం తప్పదంటే సెక్షన్ 42 కింద సాక్షులను విచారించడానికి కమిషన్‌ను నియమించే అధికారం కమిటీకి ఉంది. కమిషనరు ఇంటికి వచ్చి మంచం పక్కనే కూర్చుని వాంగ్మూలం తీసుకోవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు 1వ నియమం జబ్బుపడినవారికి ఇలాంటి కమిషన్‌నే ఉద్దేశించింది. రిజిస్టర్డ్ వైద్యుడి సర్టిఫికెట్‌ను డాక్టరును సాక్షిగా పిలవకుండానే అంగీకరించవచ్చని కూడా అందులోనే ఉంది.

మా విషయంలో ప్రశ్నలను ముందే రాసి ఇచ్చారు. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున నాలుగు రోజులు, వేలి తట్టుతో జవాబులు. పక్కన స్పీచ్ థెరపిస్టు కూర్చుంది. ప్రతి ప్రశ్ననూ రెండుసార్లు అడిగి జవాబును సరిచూసుకున్నారు.

ఆరో అడుగు: వృత్తి ఆపండి, ఫైళ్లు అప్పగించండి

విచారణకు రాలేనంత జబ్బు అని చెప్పిన మనిషి మరుసటి వారం మరో కోర్టులో వాదిస్తే ఇక ఎవరూ నమ్మరు. ఈ-కోర్టుల వెబ్‌సైటులో ఎవరు ఏ రోజు హాజరయ్యారో రోజువారీ ఉత్తర్వుల్లో కనిపిస్తుంది. ఫిర్యాదుదారు దాన్ని ముద్రించి తీసుకొస్తే మన డాక్టరు నివేదిక ఎంత నిజమైనా చెత్తబుట్టలోకి పోతుంది. ఆయన పేరు మీద జూనియర్లు వేసే మెమోలు కూడా ఈ చిక్కే తెస్తాయి. వాటిని వెంటనే ఆపించండి.

అమెరికాలో అనేక రాష్ట్రాలకు నమూనాగా నిలిచిన అమెరికన్ బార్ అసోసియేషన్ నియమాల్లో ఈ రెంటినీ నేరుగా ముడిపెట్టారు. అనారోగ్యం వల్ల నన్ను నేను సమర్థించుకోలేనని న్యాయవాది చెప్పిన మరుక్షణం ఆయన్ను వృత్తికి దూరంగా ఉంచే ప్రత్యేక జాబితాలోకి మారుస్తారు, ఇది శిక్ష కాదు. కెనడాలోని ఒంటారియోలో అశక్తత అనేది దుష్ప్రవర్తనతో సంబంధం లేని వేరే విచారణ. మన చట్టానికీ అలాంటి ఏర్పాటు కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. జబ్బుపడిన మనిషిని దోషి అనో నిర్దోషి అనో తేల్చడం తప్ప వేరే దారి లేని కమిటీ ఆయనకూ కక్షిదారుకూ పూర్తి న్యాయం చేయలేదు.

అది వచ్చేదాకా స్వచ్ఛందంగా వృత్తిని నిలిపివేసుకోవడమే మన చేతిలో ఉన్న దారి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం ఏ కారణంతోనైనా వృత్తి ఆపే న్యాయవాది రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు రిజిస్టర్డ్ పోస్టులో తెలియజేసి, అసలు ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్‌ను జతచేయాలి. దీనివల్ల విచారణ ఆగదు. కానీ ఆయన మాటలో నిజాయితీ ఉందని కమిటీకి కనిపిస్తుంది, కక్షిదారులకు మరింత నష్టం జరగకుండా ఉంటుంది. ఒక్క జాగ్రత్త చెబుతాను: కంగారులో రోల్ (బార్ కౌన్సిల్ ఉంచే న్యాయవాదుల జాబితా) నుంచే పేరు తీసేయమని రాయకండి. సెక్షన్ 26ఎ కింద అలా కోరితే పేరు తొలగించవచ్చు. తిరిగి రావడం అంత తేలిక కాదు.

ఫైళ్ల పట్టిక తయారుచేయండి. కేసు నంబరు, కోర్టు, తదుపరి వాయిదా, దగ్గరున్న అసలు దస్తావేజులు, అందిన ఫీజు, కక్షిదారు తరఫున చేతికి వచ్చిన డబ్బు, ఇవన్నీ రాయండి. ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపకూడదు. న్యాయవాదికి కేసు కాగితాల మీద అలాంటి హక్కు లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. కక్షిదారు డబ్బు ఉంటే చెక్కు రూపంలో, రసీదు తీసుకుని తిరిగి ఇచ్చేయండి. పని జరగని మేరకు ఫీజు కూడా ఇచ్చేయండి. చాలా ఫిర్యాదులు ఈ ఒక్క పనితో చల్లబడతాయి. అయితే రాజీ కుదిరిందన్న ఒక్క కారణంతో విచారణను మూసేయకూడదని నియమం ఉంది కాబట్టి, రసీదులను కమిటీ ముందు పెట్టాల్సిందే.

ఏడో అడుగు: సూచనలు ఇచ్చే శక్తి పూర్తిగా పోతే

ఇక్కడ కుటుంబాలు చేసే పొరపాటు ఒకటుంది. ఎప్పుడో రాయించుకున్న జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ చాలనుకుంటారు. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 201 ప్రకారం అధికారం ఇచ్చిన వ్యక్తి మతి కోల్పోతే ఆ అధికారం ముగిసిపోతుంది.

సివిల్ దావాల్లో అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు 15వ నియమం ఉంది. మానసిక దుర్బలత వల్ల తన ప్రయోజనాలు కాపాడుకోలేరని కోర్టు విచారించి తేల్చినవారికి సంరక్షకుణ్ని నియమిస్తారు. క్రమశిక్షణ కమిటీ నోటి సాక్ష్యం తీసుకునేటప్పుడు వీలైనంతవరకు సివిల్ దావా పద్ధతినే పాటించాలి కాబట్టి, ఆ నియమంలోని స్ఫూర్తిని ఇక్కడా వర్తింపజేయమని దరఖాస్తు పెట్టండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 14 కింద పరిమిత సంరక్షకత్వం కోరవచ్చు. కోమాలో ఉన్నవారి విషయంలో హైకోర్టు రిట్ అధికారంతో సంరక్షకులను నియమించే దారి ఉంది. కేరళ హైకోర్టు 2019లో దీనికి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

మతిస్థిమితం లేక తనను తాను సమర్థించుకోలేని నిందితుడి క్రిమినల్ విచారణను వాయిదా వేసే ఏర్పాటు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉండేది, 2023 భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఉంది. హత్య కేసులో ముద్దాయికి ఉన్న రక్షణ వృత్తి కోల్పోయే ప్రమాదంలో ఉన్న న్యాయవాదికి ఎందుకు ఉండకూడదని కమిటీని వినయంగా అడగండి. రాతపూర్వకంగా అడగండి, అప్పీలులో ఆ కాగితం కావాలి.

ఎనిమిదో అడుగు: జబ్బును జవాబులో ఎంతవరకు వాడుకోవచ్చు

కేవలం నిర్లక్ష్యం, పొరపాటు వృత్తిపరమైన దుష్ప్రవర్తన కాదని సుప్రీంకోర్టు 1963లో పేరు బయటపెట్టకుండా "పి" అనే అక్షరంతో పిలిచిన న్యాయవాది కేసులో చెప్పింది. నైతికంగా దిగజారిన ప్రవర్తన ఉందా అన్నదే అసలు ప్రశ్న. వాయిదాలు తప్పాయి, ఉత్తరాలకు జవాబు ఇవ్వలేదు అనే ఆరోపణలకు జబ్బు నిజమైన సమాధానమే. తేదీల వారీగా చూపండి: ఆసుపత్రిలో ఎప్పుడు చేరారు, కేసు డిఫాల్టులో (ఎవరూ హాజరు కాలేదని కొట్టివేయడం) ఎప్పుడు పోయింది. జబ్బుకు ముందే తప్పిన వాయిదా ఉంటే దాన్ని జబ్బు ఖాతాలో వేయకండి. ఒక్క అబద్ధం బయటపడితే మిగతా నిజాలను ఎవరూ నమ్మరు.

డబ్బు వాడుకోవడం, తప్పుడు కాగితం సృష్టించడం లాంటి ఆరోపణల్లో జబ్బు దోషాన్ని చెరిపేయదు. శిక్షను తగ్గించడానికే పనికొస్తుంది. మందలింపు, కొంతకాలం సస్పెన్షన్, రోల్ నుంచి పేరు తొలగింపు అనే మూడు శిక్షల మధ్య తేడా జీవితమంత పెద్దది. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ ఒక న్యాయవాది అప్పీలులో శిక్షకు హెచ్చరించే గుణంతోపాటు సరిదిద్దే గుణం కూడా ఉండాలన్నారు. కక్షిదారుకు డబ్బు చెల్లించాలని, ఉచిత న్యాయసహాయంలో పని చేయాలని షరతులు పెట్టి సస్పెన్షన్ కాలాన్ని కుదించారు. మద్యం వ్యసనమో మానసిక వ్యాధో ఉన్నవారు చికిత్స కొనసాగిస్తామన్న హామీని ఇదే దారిలో కమిటీ ముందు పెట్టవచ్చు.

తొమ్మిదో అడుగు: అప్పటికే ఎక్స్‌పార్టీ అయిపోతే

ఎక్స్‌పార్టీ ఉత్తర్వు, అంటే మీరు లేకుండానే ఇచ్చిన ఉత్తర్వు, వచ్చిన 60 రోజుల్లోగా తగిన కారణం చూపుతూ అఫిడవిట్‌తో దరఖాస్తు చేసుకుంటే దాన్ని రద్దు చేయవచ్చు. ఆలస్యమైతే, తగిన కారణం ఉంటే దాన్ని మన్నించే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 వర్తిస్తుంది. తుది ఉత్తర్వు మీద అది అందిన 60 రోజుల్లో న్యాయవాదుల చట్టం సెక్షన్ 37 కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, అక్కడా ఓడిపోతే మరో 60 రోజుల్లో సెక్షన్ 38 కింద సుప్రీంకోర్టుకు అప్పీలు ఉంది. అప్పీలు వేయగానే శిక్ష ఆగదు, స్టే వేరుగా అడగాలి.

ఫిర్యాదు చేసినవారికి

మీ న్యాయవాది జబ్బుపడ్డారని మీ కష్టం చిన్నదైపోదు. న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మేలో చెప్పాక మీకు బార్ కౌన్సిలే ముఖ్యమైన తలుపు. ఫిర్యాదును తెలుగులోనే రాయవచ్చు, రాష్ట్ర భాషలో ఇచ్చే ఫిర్యాదును నియమాలు అంగీకరిస్తాయి. కానీ ముందు మీ కేసును కాపాడుకోండి. కొత్త న్యాయవాదిని పెట్టుకుని, డిఫాల్టులో పోయిన కేసును తిరిగి తెరిపించండి. న్యాయవాది తప్పుకు కక్షిదారు నష్టపోకూడదని సుప్రీంకోర్టు 1981లోనే అంది. మీకు కావలసింది ఫైలూ డబ్బూ అయితే ఆ మాటే కమిటీకి రాయండి. డాక్టరు నివేదిక మీద అనుమానం ఉంటే వేరే వైద్యుడి పరీక్ష కోరండి, అడగడంలో తప్పులేదు.

తిరిగి కోర్టుకు రావడం

ఆరోగ్యం కుదుటపడ్డాక వృత్తి పునఃప్రారంభానికి రాష్ట్ర బార్ కౌన్సిల్ కార్యదర్శికి దరఖాస్తు చేయాలి. ఆ మధ్యకాలంలో సెక్షన్ 24ఎ కింద ఏ అనర్హతా కలగలేదని అఫిడవిట్ ఇవ్వాలి. ఎన్‌రోల్‌మెంట్ కమిటీ ఆమోదిస్తే సర్టిఫికెట్ మీద ఆ సంగతి రాసి తిరిగి ఇస్తుంది. సస్పెన్షన్ శిక్ష పడి ఉంటే దాని కాలం పూర్తయ్యేదాకా ఏ కోర్టులోనూ వాదించకూడదు.

మా సీనియర్ గారి మీది ఫిర్యాదును కమిటీ తోసిపుచ్చింది. ఆయన కోర్టుకు తిరిగి రాలేదు. ఇప్పుడు ఎడమ చేత్తో వంకర అక్షరాల్లో రాస్తారు. ఇనుప బీరువాలోని ఫైళ్లన్నీ ఒక్కొక్కటిగా కక్షిదారులకు ఇచ్చేశాం. ప్రతి రసీదు కింద ఆయనే సంతకం పెట్టారు.